ఊ కొట్టేవాళ్లు ఎదురుగా లేనప్పుడు: పాడ్‌కాస్ట్ ఎపిసోడ్‌కి అవుట్‌లైన్ వేసుకునే పద్ధతి

కథ చెబుతుంటే ఎదురుగా కూర్చున్నవాళ్లు ఊ కొడుతూ ఉంటారు. ఆ ఊ చాలా పని చేస్తుంది. అర్థమవుతోందా, విసుగొస్తోందా, ఇక్కడ కాస్త ఆగి వివరించాలా అన్నదంతా ఆ ఊ పలికిన తీరులోనే తెలిసిపోతుంది, చెప్పేవాళ్లు దాన్ని బట్టి అక్కడికక్కడే దారి మార్చుకుంటారు. పాడ్‌కాస్ట్‌లో ఆ ఊ ఉండదు. మైకు ముందు మీరొక్కరే ఉంటారు, వినేవాళ్లు ఎప్పుడో ఎక్కడో గిన్నెలు కడుగుతూనో నడుస్తూనో వింటారు, అర్థం కాకపోతే మధ్యలో ఆపి అడగలేరు, విసుగొస్తే ఇంకో ఎపిసోడ్‌కి వెళ్లిపోతారు. అందుకే అవుట్‌లైన్ అంటే పాయింట్లు వరసగా రాసుకోవడమని నేను అనుకోను. వినేవాళ్లు ఎక్కడ ఊ అంటారో, ఎక్కడ "మరి?" అని అడుగుతారో ముందే ఊహించి కాగితం మీద పెట్టుకోవడం అది.

నేను మొదట్లో ఒక ఎపిసోడ్‌కి ఆరు పేజీల నోట్స్ రాసుకుని రికార్డింగ్‌కి కూర్చున్నాను. సమాచారమంతా సరైనదే. ఎడిటింగ్‌లో చూస్తే ఏ ముక్కను ఎక్కడికి జరిపినా ఏమీ తేడా రావడం లేదు, ఏది తీసేసినా మిగతాది అలాగే నిలబడుతోంది. అంటే ముక్కల మధ్య ముడి లేదు. ఆ రికార్డింగ్ పక్కన పెట్టేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను, ఇక్కడ చెప్పే పద్ధతి అప్పటి నుంచి కొంచెం కొంచెంగా కుదిరింది.

పట్టుకోవడానికి ఒక ఉదాహరణ ఉంటే తేలిక. రికార్డింగ్‌లో మన గొంతు మనకే కొత్తగా వినిపిస్తుంది కదా, దాని మీద 15 నిమిషాల ఎపిసోడ్ చేస్తున్నామనుకుందాం. చివరి దాకా ఇదే ఉదాహరణ.

1. విషయాన్ని ప్రశ్నగా మార్చండి

"గొంతు" అనేది విషయం. "రికార్డింగ్‌లో నా గొంతు నాకే వేరేగా ఎందుకు వినిపిస్తుంది?" అనేది ప్రశ్న. విషయం మీద గంటలకొద్దీ మాట్లాడొచ్చు, ఎక్కడ ఆపాలో తెలియదు. ప్రశ్న ఉంటే జవాబు దొరికిన చోట ఎపిసోడ్ అయిపోతుంది. కాగితం పైన ఆ ఒక్క వాక్యం పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి. రాస్తుంటే "అలాగే" అనో "దాంతోపాటు" అనో వస్తోందంటే మీ దగ్గర ఉన్నవి రెండు ఎపిసోడ్లు.

ప్రశ్న బాగుందో లేదో తేల్చుకోవడానికి, పాడ్‌కాస్ట్ సంగతి ఎత్తకుండా ఇంట్లోవాళ్లనో స్నేహితులనో మాటల్లో మాటగా అడిగి చూడండి. "అవును, అలా ఎందుకబ్బా?" అన్నారంటే పట్టు దొరికినట్టే. "ఓహో" అని ఊరుకుంటే ప్రశ్న ఇంకా కుదరలేదు, ఎక్కువసార్లు అది మరీ పెద్దదిగా ఉండటం వల్లే అలా అవుతుంది. "మానవ జీవితంలో గొంతు ప్రాముఖ్యత ఏమిటి?" అని నిజంగా ఎవరూ ఎవరినీ అడగరు.

ఇంటర్వ్యూ ఎపిసోడ్‌కీ ఇదే వర్తిస్తుంది. "ఫలానా ఆవిడతో ముచ్చట్లు" అనుకుని కూర్చుంటే చిన్నతనం నుంచి మొదలుపెట్టి ఎక్కడికో వెళ్లిపోతాం. ఆవిడ మాత్రమే జవాబివ్వగల ప్రశ్న ఏదో పట్టుకోవాలి. మీ సొంత అనుభవం చెబుతున్నా అంతే: ఆ అనుభవానికి ముందూ తర్వాతా మీలో ఏం మారింది, ఎందుకు మారింది అన్నదే మీ ప్రశ్న.

2. ఒక్క మనిషిని అనుకోండి

"అందరికీ" అని రాస్తే ఏది వివరించాలో, ఏది వదిలేయొచ్చో తేల్చుకోలేం. మీకు తెలిసిన ఒక మనిషిని మనసులో పెట్టుకుని రెండు లైన్లు రాయండి: ఈ విషయం గురించి వాళ్లకు ఇప్పటికే ఏం తెలుసు, ఏం తప్పుగా అనుకుంటున్నారు. మన ఉదాహరణలో ఆ మనిషి వాయిస్ మెసేజ్ పంపి, తిరిగి విని, "ఛీ, నా గొంతు ఇంత సన్నగా ఉందా" అనుకునే వ్యక్తి. ఫోన్ మైక్ మంచిది కాకపోవడం వల్లే అలా వస్తోందని అనుకుంటారు. ఆ పొరపాటు అభిప్రాయం ఎపిసోడ్‌కి చాలా పనికొస్తుంది, దాని దగ్గర్నుంచే మొదలుపెట్టొచ్చు.

3. దొరికిందంతా పోగేసి, మూడు కుప్పలు చేయండి

చదవండి, వినండి, దొరికిన ప్రతిదీ ఒక చోట రాసుకోండి. ఈ దశలో వరస గురించి ఆలోచించొద్దు. ప్రతి అంకె, ప్రతి పేరు పక్కన అది ఎక్కడ దొరికిందో అప్పుడే రాసుకోండి, రికార్డింగ్ ముందురోజు వెతకడం నరకం. పరాయి పేర్లయితే ఎలా పలకాలో కూడా విని పక్కన రాసుకోవాలి. ఇది ఆడియో కాబట్టి ఇంకో కాలమ్ కూడా ఉండాలి: ఇక్కడ ఏ శబ్దం వినిపించొచ్చు?

తర్వాత కుప్పలు. ఇది లేకపోతే మన ప్రశ్నకు జవాబే రాదు అన్నవి మొదటి కుప్ప. ఉంటే రుచి పెంచేవి రెండోది. ఆసక్తిగా ఉన్నా ఈ ప్రశ్నకు సంబంధం లేనివి మూడోది.

మన గొంతు మనకు రెండు దారుల్లో వినిపిస్తుంది, ఒకటి గాలిలోంచి, రెండోది పుర్రె ఎముకల ద్వారా నేరుగా లోపలి చెవికి. ఎముకల దారిలో మంద్రంగా, అంటే తక్కువ శ్రుతిలో ఉండే శబ్దాలు ఎక్కువ బలంగా చేరతాయి కాబట్టి మన గొంతు మనకు నిండుగా అనిపిస్తుంది, రికార్డింగ్‌లో గాలి దారి మాత్రమే ఉంటుంది కాబట్టి పలచగా అనిపిస్తుంది. ఇది మొదటి కుప్ప. లోపలి చెవిలో శబ్దం ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకు గేయోర్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇది రెండో కుప్ప, ఒక్క వాక్యంలో చెప్పి దాటేయొచ్చు. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ కనిపెట్టిన కథ నాకు చాలా ఇష్టం, చెప్పాలని చేయి లాగుతుంది కూడా, కానీ అది మూడో కుప్పే. ఎక్కువ ఎపిసోడ్లు పాడయ్యేది ఈ మూడో కుప్పలోంచి దొంగతనంగా లోపలికి వచ్చేవాటి వల్లే. కష్టపడి సేకరించాం కదా అన్న మమకారం ఉంటుంది. ఆ కష్టంతో వినేవాళ్లకు పని లేదు.

4. మీ వేగం మీరే కొలుచుకోండి

ఇంగ్లీష్ గైడ్లలో నిమిషానికి 150 పదాలు అన్న లెక్క తరచుగా కనిపిస్తుంది. అది మనకు పనికిరాదు. "చెప్పలేకపోతున్నానేమో" అనేది తెలుగులో ఒక్క పదం, ఇంగ్లీష్‌లో అదే మాటకు ఆరేడు పదాలు కావాలి. మీరు రాసిన ఒక పేజీని నిజంగా మైకు ముందు మాట్లాడినట్టు పైకి చదివి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. అదే మీ లెక్క. పాయింట్లు చూసి సొంత మాటల్లో చెప్పేటప్పుడు ఇంకా ఎక్కువ సమయం పడుతుంది, అందుకని 15 నిమిషాలు కావాలంటే నేను 12 నిమిషాలకు సరిపడా మాత్రమే రాసుకుంటాను.

5. ముక్కల మధ్య "మరి" పెట్టండి

అసలు పని ఇదే, ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. మొదటి కుప్పలో ఉన్నవాటిని ఒక్కో చీటీ మీద ఒక్కోటి రాసి, నేల మీదో టేబుల్ మీదో పరచండి. ఇప్పుడు ఒక చీటీ చదివి, వినే మనిషి నోట్లోంచి "మరి..." అంటూ ఏ ప్రశ్న వస్తుందో ఆలోచించండి. ఆ ప్రశ్నకు జవాబుగా ఉన్న చీటీయే తర్వాతది. మీకు తెలిసిన వరస, పుస్తకంలో ఉన్న వరస, కాలక్రమం, ఇవన్నీ దీని తర్వాతే.

మన ఎపిసోడ్‌లో ఇలా వస్తుంది. శబ్దం గాలిలోంచి చెవికి చేరుతుందని చెప్పాం. "మరి నా గొంతు నాకు కూడా గాలిలోంచే కదా వచ్చేది, తేడా ఎక్కడ?" అప్పుడు ఎముకల దారి గురించి చెప్తాం. "మరి దారి మారితే గొంతెందుకు మారాలి?" అప్పుడు మంద్ర శబ్దాల సంగతి. ఇక్కడ వినేవాళ్లకు ఒక పెద్ద ప్రశ్న వస్తుంది, నిజానికి ఎపిసోడ్ అంతటికీ ప్రాణం ఇదే: "మరి ఈ రెంటిలో నా అసలు గొంతు ఏది?" మొదట రాసుకున్న ప్రశ్నకంటే లోతైన ప్రశ్న ఇలా మధ్యలో ఎక్కడో పుట్టిందంటే అవుట్‌లైన్ సరిగ్గా వస్తోందని అర్థం. దాన్ని ఎపిసోడ్‌లో మూడింట రెండు వంతులు దాటాక పెట్టండి. మరీ ముందు పెడితే తర్వాతదంతా నీరసంగా ఉంటుంది, చివర్లో పెడితే దాన్ని తేల్చడానికి చోటు ఉండదు.

రెండు చీటీల మధ్య "ఇంకొకటి ఏమిటంటే" తప్ప ఏమీ కుదరడం లేదంటే అక్కడ ముడి తెగింది. ఒకటో రెండో చోట్ల తెగితే పర్వాలేదు. వరసగా మూడు చోట్ల తెగితే అది జాబితా అయిపోయింది, ఎంత బాగా మాట్లాడినా జాబితాను చెవి గుర్తుపెట్టుకోదు. అప్పుడు చీటీల వరస మార్చి చూడండి, లేదా మధ్యలో ఒక మెట్టు తప్పిపోయిందేమో వెతకండి. "నిజంగా జాబితాయే చెప్పాలి, ఐదు చిట్కాల ఎపిసోడ్ అది" అంటారా, అప్పుడు కూడా మొదటి చిట్కా పాటిస్తే వచ్చే ఇబ్బందిని రెండోది తీర్చేలా వరస పెట్టుకోవచ్చు.

ఇంకో సంగతి. నాలుగైదు నిమిషాలకోసారి వినేవాళ్లకు ఊపిరి పీల్చుకునే చోటు కావాలి. ఒక చిన్న సంఘటన, ఒక శబ్దం, వాళ్లే చేసి చూసుకునే పని, ఏదైనా సరే. ఇక్కడైతే వినేవాళ్లను రెండు చెవులూ వేళ్లతో మూసుకుని "ఊ" అని దీర్ఘంగా అనమంటాం. గొంతు తల లోపల గుంయ్‌మని మోగుతుంది. ఎముకల దారి గురించి రెండు నిమిషాలు వివరించినా రాని అర్థం అక్కడ ఒక్క క్షణంలో వస్తుంది. బండి నడుపుతున్నవాళ్లు మాత్రం ఇప్పుడు చేయొద్దని చెప్పడం మర్చిపోకండి, ఆ మాట కూడా అవుట్‌లైన్‌లోనే రాసి ఉండాలి.

6. కాగితం మీద అది ఇలా ఉంటుంది

ఒకే పేజీ. రెండో పేజీకి వెళ్తే రికార్డింగ్‌లో కాగితం తిప్పిన చప్పుడూ వస్తుంది, తడబాటూ వస్తుంది.

ప్రశ్న: రికార్డింగ్‌లో నా గొంతు నాకే వేరేగా ఎందుకు వినిపిస్తుంది?
0 నుంచి 1 నిమిషం: వాయిస్ మెసేజ్ తిరిగి విన్న క్షణం. తప్పు మైక్‌ది అనుకోవడం. (పూర్తిగా రాసినది)
1 నుంచి 4: గాలి దారి. మరి: తేడా ఎక్కడ?
4 నుంచి 8: ఎముకల దారి. చెవులు మూసుకునే ప్రయోగం, బండి హెచ్చరిక. బెకెషీ, ఒక్క వాక్యం. మరి: గొంతెందుకు మారాలి?
8 నుంచి 10 ముప్పావు: మంద్ర శబ్దాలు. ఒకే వాక్యాన్ని మామూలుగా, తర్వాత మంద్రం పెంచి వినిపించాలి. మరి: అసలు గొంతు ఏది?
10 ముప్పావు నుంచి 14: అతిథి ముక్క. పరాయిగా అనిపించిన గొంతుకు అలవాటుపడటం.
14 నుంచి 15: జవాబు, చివరి వాక్యం. (పూర్తిగా రాసినది)

ప్రతి మెట్టు కింద మూడు నాలుగు చిన్న గుర్తులకు మించి రాసుకోకండి. మొత్తం స్క్రిప్ట్ రాసుకుని చదివితే ఏమవుతుంది అని చాలామంది అడుగుతారు. చదవడంలో బాగా సాధన ఉంటే ఏమీ కాదు. లేనివాళ్లు చదువుతుంటే గొంతు చదునైపోతుంది, వాక్యం చివర ప్రతిసారీ ఒకేలా దిగుతుంది, మనిషి మాట్లాడుతున్నట్టు ఉండదు. అలాగని ఏమీ రాసుకోకపోతే దారి తప్పుతాం. నేను పూర్తిగా రాసుకునేవి మూడే: మొదటి నిమిషం, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు దాటించే వాక్యాలు, చివరి నిమిషం. మధ్యలోది గుర్తుల సాయంతో మాట్లాడటమే.

7. మొదటి నిమిషం

"నమస్కారం, మా పాడ్‌కాస్ట్‌కి స్వాగతం, ఈ రోజు మనం ఒక చాలా ఆసక్తికరమైన విషయం గురించి..." అని మొదలుపెట్టినంతసేపు వినేవాళ్లకు ఇంకా ఏమీ ఇవ్వలేదు. ముందు క్షణంలోకి దించండి: "నిన్న ఒక వాయిస్ మెసేజ్ పంపాను. పంపాక మళ్లీ విన్నాను. అందులో మాట్లాడుతున్నది నేనే, కానీ ఆ గొంతు నాది కాదు." ఆ తర్వాత ప్రశ్న, ఆ తర్వాత మీ పేరు, పాడ్‌కాస్ట్ పేరు. పరిచయం ఎగ్గొట్టమని చెప్పడం లేదు, ముప్పై సెకన్లు వెనక్కి జరపమంటున్నాను.

8. చెవికి తగినట్టు మాటలు

తెలుగులో క్రియ చివర వస్తుంది. చదివేటప్పుడు కళ్లు ముందుకు పరిగెత్తి దాన్ని పట్టుకుంటాయి, చెవికి ఆ వీలు లేదు. కాబట్టి మధ్యలో మూడు "అయినటువంటి"లు, రెండు "చేస్తున్నప్పటికీ"లు పేర్చి చివర్లో క్రియ పెడితే అక్కడికి వచ్చేసరికి ఎవరి గురించి మొదలుపెట్టామో వినేవాళ్లు మర్చిపోతారు. పూర్తిగా రాసుకునే మూడు చోట్లా ఒక్కో వాక్యంలో ఒక్కో సంగతే పెట్టండి. "అది", "దాని", "వారు" బదులు పేరే మళ్లీ చెప్పండి, రాతలో విసుగ్గా అనిపించినా వినడానికి హాయిగా ఉంటుంది. ఒకే నిమిషంలో రెండు అంకెలు మించకూడదు. ఎవరి మాటనైనా చెప్పేటప్పుడు ముందు మనిషి పేరు చెప్పి తర్వాత మాట చెప్పండి, కొటేషన్ గుర్తులు చెవికి వినిపించవు.

9. అతిథి ఉంటే

రికార్డింగ్‌కి ముందు ఒక పది పదిహేను నిమిషాలు మామూలుగా ఫోన్లో మాట్లాడండి. ఏ సంగతి చెప్పేటప్పుడు వాళ్ల గొంతులో ఉత్సాహం వస్తుందో గమనించి రాసుకోండి, కానీ అసలు కథను అప్పుడే పూర్తిగా చెప్పించుకోవద్దు, రెండోసారి చెప్పేటప్పుడు ఆ వేడి ఉండదు. ఏ అంశాలు వస్తాయో ముందే తెలియజేయండి, ప్రశ్నలన్నీ పంపొద్దు. పంపితే చాలామంది జవాబులు రాసుకుని వచ్చి చదువుతారు.

ప్రశ్నలు పది రాసుకున్నా, ఇవి అడగకుండా లేవకూడదు అన్న మూడింటికి చుక్క పెట్టుకోండి. "మీ గొంతు మొదటిసారి విన్నప్పుడు కష్టంగా అనిపించిందా?" అని అడిగితే "అవునండీ" అని ఆగిపోతారు. "మీ గొంతు మొదటిసారి రికార్డింగ్‌లో విన్న రోజు ఏం జరిగింది?" అని అడిగితే కథ వస్తుంది. రెండు ప్రశ్నలు కలిపి అడగొద్దు, రెండోదానికే జవాబు వస్తుంది. జవాబు అయిపోయిందనిపించాక రెండు మూడు సెకన్లు ఊరికే ఉండండి. ఆ నిశ్శబ్దాన్ని భరించడం మొదట్లో టెన్షన్‌గానే ఉంటుంది, అయినా చాలాసార్లు మంచి మాట ఆ తర్వాతే వస్తుంది. అవుట్‌లైన్‌లో "ఇక్కడ ఆగు" అని రాసుకోవడానికి మొహమాటపడకండి.

10. ముగింపు

మొదట అడిగిన ప్రశ్నకు రెండు మూడు వాక్యాల్లో సూటిగా జవాబు, ఆ తర్వాత ఎపిసోడ్ మొదలైన క్షణానికే ఒకసారి తిరిగి వెళ్లడం. ఇక్కడైతే అదే వాయిస్ మెసేజ్‌ని మళ్లీ వినిపిస్తాం. వినేవాళ్లను ఏదైనా చేయమని అడగాలంటే ఒక్కటే అడగండి. సబ్‌స్క్రైబ్ చేయండి, రేటింగ్ ఇవ్వండి, షేర్ చేయండి, మెసేజ్ పెట్టండి అని వరసగా చదివితే ఒక్కటీ చేయరు.

11. రికార్డింగ్‌కి ముందు ఒక రిహార్సల్

కాగితం చూస్తూ మొత్తం ఎపిసోడ్‌ని ఫోన్‌లో ఒకసారి చెప్పేయండి. నాణ్యత పట్టించుకోవద్దు. తర్వాత ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడుస్తూనో పని చేసుకుంటూనో వినండి, ఎందుకంటే మీ ఎపిసోడ్ వినబోయేవాళ్లు కూడా అలాగే వింటారు. మనసు ఎక్కడ పక్కకు వెళ్లిందో ఆ నిమిషం గుర్తుపెట్టుకుని కాగితం మీద అక్కడ ఒక గీత గీయండి. ఆ గీతలు ఎక్కువగా "మరి" బలహీనంగా ఉన్న చోటే పడటం నేను చూశాను. ఆ మెట్టును తీసేయండి, లేదా ముందుకో వెనక్కో జరపండి. ఒక రాత్రి గడిచాక ఇంకోసారి చూసుకుంటే మంచిది, తీసేయాల్సింది ఇంకొకటి తప్పకుండా కనిపిస్తుంది.

అసలు రికార్డింగ్ రోజు కాగితాన్ని కంటికి ఎదురుగా, మైకుకు కాస్త పైన పెట్టుకోండి. తల వంచి చూస్తే నోరు మైకుకు దూరమై గొంతు తగ్గిపోతుంది. ఏదైనా తప్పు పలికితే ఆపొద్దు, ఒకసారి చప్పట్లు కొట్టి ఆ వాక్యం మొదటి నుంచి మళ్లీ చెప్పండి, ఎడిటింగ్‌లో శబ్దాన్ని చూపే గ్రాఫ్ మీద ఆ చప్పుడు నిటారు గీతలా కనిపిస్తుంది, వెతుక్కునే పని ఉండదు. అయిపోయాక అదే గదిలో అర నిమిషం ఏమీ మాట్లాడకుండా రికార్డ్ చేసి ఉంచుకోండి, ముక్కలు అతికేటప్పుడు మధ్యలో ఖాళీ వినపడకుండా ఆ నిశ్శబ్దం వాడొచ్చు.

ఎపిసోడ్ బయటికి వెళ్లాక ఆ ఒక్క పేజీ పారేయకండి. వివరణ రాయడానికి పైన ఉన్న ప్రశ్న, చాప్టర్ల టైమింగ్స్‌కి మెట్లు, రెండూ అందులోంచే వస్తాయి. మూడో కుప్పలో పడేసిన చీటీలు కూడా ఒక కవర్లో పెట్టి ఉంచండి, ఎడిసన్ ఫోనోగ్రాఫ్ చీటీ ఉన్న ఆ కవర్‌ని తర్వాతి ఎపిసోడ్‌కి ప్రశ్న వెతికేటప్పుడు ముందుగా తెరవండి.